ఎడమ చక్రం, మూడో బియ్యం బస్తా

బావ ఫోన్ చేసి, "బామ్మర్దీ, నీకు ఆఫ్‌సెట్ గురించి ఎరికే గదా" అన్నప్పుడు నాకు పెండ్లి పత్రికలు గుర్తుకొచ్చాయి. కరీంనగర్‌లో మా వీధి చివర ఉన్న ప్రెస్సు బోర్డు మీద ఆ మాట పెద్ద అక్షరాలతో ఉంటుంది.

"ఎవలి పెండ్లి బావా?" అని అడిగాను.

"పెండ్లి గాదు. చక్రాలు. నా బండి చక్రాలు."

బావ అంటే మా అక్క భర్త. బొగ్గు గనిలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇద్దరూ నస్పూర్‌లో చిన్న ఇల్లు కట్టుకుని ఉంటున్నారు. పిల్లలు వాళ్ళ వాళ్ళ ఉద్యోగాల్లో ఉన్నారు. రిటైరయ్యాక బావ అందరిలాగా ప్లాటు కొనలేదు. హైదరాబాద్‌లో ఎవరో వాడి అమ్మకానికి పెట్టిన ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. దానికి రెండే సీట్లు. మీట నొక్కితే పైకప్పు వెనక్కి ముడుచుకుపోతుంది. ఈ వయసులో ఇదేం బండి అని నేను అడిగితే ఆయన చెప్పిన మాట ఆ రోజు డైరీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

"గనిల దిగంగనే ఫస్టు సూసేది కప్పునే. నెత్తి మీద బొగ్గు ఎట్లున్నదో సూడకుండ అడుగు ముందటికి ఎయ్యం. నౌకరి అంతా కప్పు సూసుడే అయింది. ఇగ నాకు కప్పు లేని బండి గావాలె."

అక్క మొదట్లో దాన్ని గిన్నె అనేది. "గిన్నెల కూసోని యాడికి పోతం" అనేది. కానీ కూర్చుంది. సాయంత్రాలు ఇద్దరూ మంచిర్యాల గోదావరి దాకా వెళ్ళి వచ్చేవారు. జుట్టు ఎగరకుండా అక్క కొంగు తలకు చుట్టుకుని కూర్చునేదని, బజారులో పిల్లలు చేతులు ఊపితే తనూ ఊపేదని బావ చెప్పేవాడు.

ఒక సాయంత్రం ఎడమవైపు వెనక చక్రం గుంటలో పడి దాని రిమ్ము పగిలింది. అక్క నడుముకు గట్టి అదురు తగిలింది. అక్కడే దిగి ఆటో ఎక్కి ఇంటికి వచ్చేసింది. "సక్కటి చక్రాలు ఏపిచ్చినంక పిలువు. గప్పటిదాక నేను ఎక్క" అని తేల్చి చెప్పింది. ఆ రిమ్ములు ఇప్పుడు తయారు కావడం లేదు. అలాంటిదే ఇంకొకటి దొరకలేదు. మార్చాలంటే నాలుగూ మార్చాలి. ఆదిలాబాద్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో నాలుగేసి చక్రాల జతలు రెండు ఉన్నాయని తెలిసింది. రెండూ బండికి ఎక్కుతాయట గానీ వాటి ఆఫ్‌సెట్ వేరట. అందుకే నాకు ఫోను.

"సర్వేల ఉన్నప్పుడు నువ్వు ఆ మాట అంటుంటివి, గందుకే అడుగుతున్న" అన్నాడు బావ. ఫోను పెట్టేసే ముందు, "రెండో సీటు ఖాళీగ ఉంటె మనసున పడ్తలేదు" అన్నాడు.

నేను భూమి కొలతల శాఖలో సర్వేయరుగా చేశాను. రోజూ డైరీ రాస్తాను. మొదట వాతావరణం, తర్వాత కలిసిన మనుషులు, చివర ఆ రోజు కొత్తగా తెలిసిన మాట ఒకటి. ఏ మాటా దొరకని రోజున అక్కడ చిన్న గీత పెడతాను. ఆ రోజు గీత అవసరం రాలేదు. "ఆఫ్‌సెట్: చక్రాలకు కూడా ఉంటుంది" అని రాశాను.

నాకు తెలిసిన ఆఫ్‌సెట్ వేరు. నా మొదటి పోస్టింగు ఆదిలాబాద్ వైపు బోథ్‌లో. పత్తి చేలల్లో ఇనుప గొలుసును నేల మీద తిన్నగా పరిచేవాళ్ళం. గొలుసు వెంట నడుస్తూ, పక్కనున్న ఇప్పచెట్టు, బావి, హద్దురాయి గొలుసుకు ఎంత దూరంలో ఉన్నాయో అడ్డంగా కొలిచేవాళ్ళం. ఆ అడ్డం దూరమే మాకు ఆఫ్‌సెట్. నా దగ్గర గొలుసు లాగే మనిషి మరాఠీ మాటలు కలిపి మాట్లాడేవాడు. చెట్టు నా వైపు ఉంటే "ఇక్డే" అని, అవతలి వైపు ఉంటే "తిక్డే" అని అరిచేవాడు. పుస్తకంలో పేజీ నడుమ గొలుసు గీత ఉండేది. ఇక్డేవి ఒక పక్క, తిక్డేవి ఇంకో పక్క రాసుకునేవాణ్ణి. అంకె ఎంత పెద్దదైతే చెట్టు గొలుసుకు అంత దూరం. ఇందులో తికమక పడడానికి ఏమీ లేదు.

మరుసటి వారం బావ తెలిసినాయన వ్యాను తీసుకుని వస్తే ఇద్దరం ఆదిలాబాద్ వెళ్ళాం. దుకాణదారు నాగపూర్ నుంచి పాత బండ్ల సామాన్లు తెచ్చి అమ్ముతాడు. గోడకు ఆనించి రెండు జతల చక్రాలు పెట్టాడు. బావ పగిలిన రిమ్మును పక్కన పెట్టి, లోపలి భాగంలో పోతపోసిన అక్షరాలు చూపించాడు. ఈటీ నలభై ఐదు. దుకాణంలోని ఒక జత మీద ఈటీ ముప్పై ఐదు, ఇంకో జత మీద ఈటీ యాభై.

"ఈటీ అంటె కంపెని పేరా?" అన్నాడు బావ.

దుకాణదారు ఫోనులో వెతికి చూపించాడు. జర్మన్ మాటకు పొట్టి రూపమట, అర్థం ఆఫ్‌సెట్టే. చక్రం వెడల్పును సరిగ్గా సగం చేసే గీత ఒకటి అనుకోవాలి. చక్రాన్ని బండికి బిగించే ముఖం ఇంకొకటి. ఆ రెండింటి మధ్య ఎన్ని మిల్లీమీటర్లు ఉంటే అది ఆఫ్‌సెట్. అది చదవగానే నాకు చాలా సంతోషం కలిగింది. సగం చేసే గీత నా గొలుసు. బిగించే ముఖం నా ఇప్పచెట్టు. రిటైరయ్యాక ఇన్నాళ్ళకు నా పని మాట ఇంకో చోట, ఇంకో వేషంలో కనిపించింది.

"రెండిట్ల ఏది బయటికి వస్తది, ఏది లోపటికి పోతది?" అని బావ దుకాణదారుని అడిగాడు.

"నాకేం తెల్వది భావూ. నేను జతలు అమ్ముత, బండ్లు నడప" అన్నాడతను.

బావ నా వైపు చూశాడు. నేను ఆలోచించి చెప్పాను. అంకె పెద్దదైతే దూరం ఎక్కువ. కాబట్టి యాభై బండికి దూరంగా, బయటికి వస్తుంది, మడ్‌గార్డుకు రాసుకుంటుంది. ముప్పై ఐదు లోపలికి ఒదుగుతుంది. ముప్పై ఐదే తీసుకో.

"సర్వే సాబ్ చెప్పిండు, ఇగ ఫికర్ లేదు" అని బావ ముప్పై ఐదు జత వ్యానులో వేయించాడు. నన్ను కరీంనగర్‌లో దింపి తను నస్పూర్ వెళ్ళాడు. మర్నాడు ఫోన్ చేశాడు. పాత టైర్లు కొత్త రిమ్ములకు ఎక్కించి బిగించారట. బండి ఛాతీ విరుచుకుని నిలబడ్డట్టు ఉందట. ఒక్కడే మందమర్రి దాకా వెళ్ళి వచ్చాడట, వెన్న మీద పోయినట్టు పోయిందట.

ఛాతీ విరుచుకోవడం ఏమిటి, లోపలికి ఒదగాలి కదా అని నాకు తోచింది. కానీ అడగలేదు. కొత్తవి కదా, మెరుపుకు అలా కనిపించి ఉంటుందనుకున్నాను.

మూడో రోజున వచ్చిన ఫోనులో బావ గొంతు తగ్గి ఉంది. "జర రా బామ్మర్దీ. మీ అక్క పరేషాన్ జేస్తుంది. నేనే పరేషాన్ జేసిన్నంటుంది."

టేపు, ఒక సన్నని చెక్కబద్ద, నోటుబుక్కు సంచిలో పెట్టుకుని పొద్దున బస్సుకే బయలుదేరాను. నస్పూర్ చేరేసరికి బావ వాకిట్లో బండి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. జరిగింది చెప్పాడు.

అక్క మాట ప్రకారం కొత్త చక్రాలు వచ్చాక ఎక్కి కూర్చుంది. బండి స్టీరింగు కుడివైపు, అక్కది ఎడమ సీటు. వీధి మలుపులో కిరాణా దుకాణం ముందు ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. దాని మీద బండి దిగగానే ఎడమవైపు వెనక నుంచి గర్రుమని పెద్ద చప్పుడు. దుకాణం అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళంతా చూశారు. బావ దిగి, వంగి చక్రం చూసి, పైకి లేచి అందరికీ వినబడేట్టు అన్నాడట: "నేనొక్కన్ని ఉన్నప్పుడు ఈ సప్పుడు రాలే."

అక్క తలుపు తెరుచుకుని దిగింది. "అయితే ఒక్కనివే పో" అని నడిచి ఇంటికి వచ్చేసింది.

"నేను బండి సంగతి చెప్పిన" అన్నాడు బావ నాతో. "ఆమె సంగతి గాదు."

"అరుగు మీద ఉన్నోళ్ళకు గట్ల ఇనబడలే బావా."

"గదే ఇప్పుడు తెలుస్తుంది."

అక్క చాయ్ తెచ్చి ఇచ్చింది. నా సంచిలోంచి బయటికి కనబడుతున్న టేపు వైపు చూసింది. "ఏం తమ్మీ, కొలువ వచ్చినవా? బండిని కొలుచుకోండ్రి. నన్ను గాదు" అంది. లోపలికి వెళ్తూ బావ వినేట్టు, "గిన్నె కూడ నా బరువు ఆపుతలేదట" అంది.

బావ నాతో నెమ్మదిగా, "ఎక్క అన్నది. ఈసారి ఏ షరతు చెప్పలే. షరతు చెప్తె తీర్చొచ్చు" అన్నాడు.

నేను చెక్కబద్దను మడ్‌గార్డుకు నిలువుగా ఆనించి టైరు ఎక్కడ ఉందో చూశాను. చూడడానికి పెద్దగా కొలవాల్సిన పని కూడా లేదు. టైరు మడ్‌గార్డు అంచుకు సరిగ్గా కిందికి వచ్చి నిలబడింది. పగిలిన పాత రిమ్ము గోడకు ఆనించి ఉంది. దాని మీద బద్ద అడ్డంగా పెట్టి లోపలి ముఖం దాకా కొలిచాను. కొత్త చక్రం బావ విప్పి ఇస్తే దాన్నీ కొలిచాను. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. నలభై ఐదు నలభై ఐదే, ముప్పై ఐదు ముప్పై ఐదే. పది మిల్లీమీటర్ల తేడా. కానీ లోపలికి పోవాల్సిన పది బయటికి వచ్చింది.

నోటుబుక్కు తీసి పేజీ నడుమ నిలువుగా గొలుసు గీత గీశాను. పక్కన చెట్టు వేశాను. చూస్తూ కూర్చున్నాను. బావ చక్రం మళ్ళీ బిగించి, బీడీ వెలిగించి, ఆర్పి, మళ్ళీ వెలిగించాడు. నాకు ఆ బొమ్మలో తప్పు కనబడలేదు. బొమ్మ పుస్తకాల్లో ఉన్నట్టే ఉంది. చివరికి బండి వైపు చూస్తుంటే తట్టింది. తప్పు బొమ్మలో లేదు, నేను నిలబడిన చోటులో ఉంది.

బోథ్‌లో గొలుసు నేల మీద పరిచి ఉంటుంది. నేను దాని మీద నిలబడి చెట్టును చూస్తాను. అంకె పెరిగితే చెట్టు దూరం. కానీ బండి దగ్గర నేల లాంటిది చెట్టే. చక్రం బిగించే ముఖం బండికి పాతుకుని ఉంది, కదలదు. అక్కడ కదిలేది గొలుసు. చక్రమంతా ఆ గొలుసు వెంటే పోతుంది. నేను చెట్టు కింద నిలబడి గొలుసు వైపు చూడాలి. అంకె పెరిగితే గొలుసు చెట్టును వదిలి బండి లోపలికి జరుగుతుంది. అంకె తగ్గితే చెట్టుకు దగ్గరవుతుంది, అంటే బయటికి వస్తుంది. ఇక్డే తిక్డే అయింది.

ఇది అర్థమైనప్పుడు సిగ్గు కంటే ముందు కుతూహలం కలిగింది. ఉద్యోగమంతా వాడిన మాటను చెట్టు వైపు నుంచి నేను ఒక్కసారి కూడా చూడలేదు. చెట్టు తన దగ్గర్నుంచి గొలుసును కొలిస్తే ఎలా ఉంటుందో ఎవరు ఆలోచిస్తారు.

"బావా, నేను ఉల్టా నిలబడ్డ" అని వివరించాను.

బావ శ్రద్ధగా విన్నాడు. తర్వాత, "సర్వేయర్‌వి నువ్వే దిక్కు తప్పితె, నువ్వు కొలిచిన చేన్లల్ల ఎవని పత్తి ఎవడు ఏరుకుంటున్నడో" అన్నాడు. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగింది. అక్క నవ్వి ఉంటుంది. కానీ బయటికి రాలేదు.

యాభై జత కోసం దుకాణానికి ఫోన్ చేశాం. అది అమ్ముడుపోయింది. కొత్త చక్రాన్ని లోపలికి జరపడానికి దారి లేదు. బావ మడ్‌గార్డు కింద చెయ్యి పెట్టి తడిమాడు. రేకు అంచు లోపలి వైపుకు మడిచి ఉంది, టైరుకు తగులుతున్నది ఆ మడత. దాన్ని ఇంకాస్త పైకి మడిస్తే టైరుకు దారి దొరుకుతుంది. వెనక రెండు చక్రాల దగ్గరా మడవాలి. అయితే ఎంత మడవాలో తెలియాలి. తక్కువైతే చప్పుడు పోదు, ఎక్కువైతే పైన రంగు పగులుతుంది. అది తెలియాలంటే అక్క కూర్చున్నప్పుడు బండి ఎంత కిందికి దిగుతుందో చూడాలి.

"పిలువు" అన్నాను.

"నేనా? నీ అక్కనే గదా, నువ్వు పిలువు."

"మొగనివి నువ్వు."

ఇద్దరం వంటింటి వైపు చూశాం. ఎవరమూ లేవలేదు. చివరికి బావ, "బియ్యం బస్తలు ఉన్నయి" అన్నాడు.

ఏడాదికి సరిపడా బియ్యం వాళ్ళు సుల్తానాబాద్ మిల్లు నుంచి తెప్పించుకుంటారు. ఇరవై ఐదు కిలోల బస్తాలు వెనక గదిలో పేర్చి ఉన్నాయి. టైరుకూ మడతకూ మధ్య ఎంత జాగా మిగులుతుందో తెలియడానికి మెత్తటిది ఏదైనా మడత కింద అంటించాలి. అక్క చూడకుండా బావ వంటింట్లోకి వెళ్ళి, ఆమె రాత్రి చపాతీల కోసం కలిపి పెట్టిన పిండిలోంచి ఒక ముద్ద తెచ్చాడు. వేలు మందం పట్టీ చేసి మడత కింద అంటించాం.

సీటులో రెండు బస్తాలు పెట్టాం. బ్రేకర్ మీద కుదుపు లాగా ఉండాలని బండి వెనక భాగాన్ని ఇద్దరం చేతులతో గట్టిగా ఒత్తి వదిలాం. పిండి మీద టైరు గీతలు పడ్డాయి, సగం మందం మిగిలింది.

"ఇంకోటి ఎయ్యాల్నా?" అని బావ గుసగుసగా అడిగాడు.

"వేసి చూద్దాం. లెక్క తెలుస్తది."

మూడో బస్తా తెచ్చాం. వంటింటి కిటికీ వాకిట్లోకే ఉంటుంది. బావ మూడో బస్తాను మిగతా రెండింటి కింద, సీటు ముందు కాళ్ళు పెట్టుకునే చోట దాచినట్టు పెట్టాడు. మళ్ళీ ఒత్తాం. ఈసారి పిండి తెగి రేకు కనబడింది.

"ఎన్ని బస్తలు ఏసిండ్రు?" కిటికీలోంచి అక్క గొంతు.

"రెండు" అన్నాడు బావ.

"మూడోది కాళ్ళ కాడ పెట్టినంత మాత్రాన కనబడదా?"

బావ బస్తా వైపు చూశాడు. బస్తా కూడా దొరికిపోయిన దానిలాగే ఉంది. అక్క చేతులకు పిండి అంటుకుని ఉండగానే వాకిట్లోకి వచ్చింది. మడత కింద అంటించిన పిండి చూసింది.

"నా పిండే గదా ఇది?"

బావ పిండి అంటిన చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

"దించుండ్రి" అంది.

"ఏంది?"

"బస్తలు. మూడు దించుండ్రి. బస్తల లెక్క తోటి మలుస్తె అది బస్తలకే సరిపోతది. రేపు బస్తలనే ఊరేగిస్తవా ఏంది?"

దించాం. అక్క సీటు మీద పడ్డ బియ్యపు పొడిని కొంగుతో దులిపి కూర్చుంది. బావ కొత్త పిండి పట్టీ అంటించాడు. మేము చేతులు వేసి మెల్లగా ఒత్తబోతే అక్క తల తిప్పి చూసింది.

"ఏం, నాకు అల్కగ ఒత్తుతుండ్రు? బస్తలకు ఒత్తినట్టే ఒత్తుండ్రి."

గట్టిగా ఒత్తాం. బావ వంగి పట్టీని జాగ్రత్తగా ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు. టైరు లోతుగా దిగింది గానీ తెగలేదు. కాగితం మందాన పొర మిగిలింది. అక్క చెయ్యి చాపింది. పట్టీని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది.

"మూడు బస్తలకు తెగింది గదా?"

"తెగింది" అన్నాను.

"నాది తెగలే."

"తెగలే అక్కా."

ఆ పట్టీని పడేయనివ్వలేదు. బండి ముందు అద్దం కింద ఉన్న అరలో పెట్టుకుంది.

చేతులతో ఒత్తితేనే అంత పలచగా మిగిలిందంటే బ్రేకర్ మీద రాసుకోక మానదు. ఎంత మడవాలో బావకు అర్థమైంది. డెంటింగ్ షాపుకు తీసుకుపోదామా అంటే ఆయన కాసేపు ఆలోచించి, "గుండ్రటి కట్టె ఉంటె ఈడనే అయిపోతది" అన్నాడు. టైరు మీద, మడత కింద గుండ్రటి కట్టె ఇరికించి బండిని కొద్దికొద్దిగా కదిలిస్తే కట్టె దొర్లుతూ మడతను పైకి నొక్కుతుందట. గనిలో వంకరపోయిన రేకులను ఇలాగే పైపు దొర్లించి సరిచేసేవాళ్ళమన్నాడు.

"రోకలి పనికొస్తదా?" అంది అక్క.

కారం దంచడం మానేశాక ఆ రోకలి మూల నిలబడి ఉంది. బావ దాని కొన సన్నగా ఉన్న వైపు పెట్టి చూశాడు. సరిపోయింది. అప్పుడు ఇంకో సంగతి తేలింది. సీటు ఖాళీగా ఉంటే బండి పైకి లేచి ఉంటుంది, రోకలికి మడత అందదు. ఎవరో కూర్చోవాలి. నేను కూర్చుంటే తోసేవాళ్ళు లేరు. బస్తాలు కూర్చుంటే బ్రేకు పట్టేవాళ్ళు లేరు.

"నేను దిగుతనన్ననా?" అంది అక్క.

వేడినీళ్ళలో ముంచిన తుండుగుడ్డలు మడ్‌గార్డు మీద పరిచి రంగును వెచ్చబరిచాం. బావ వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రోకలి పట్టుకున్నాడు. నేను ముందు నుంచి బండిని తోస్తాను. హ్యాండ్‌బ్రేకు అక్క చేతిలో. గనిలో గంటల సైగల్లాగా బావ ఒక ఏర్పాటు చేశాడు. రేకు మీద ఒక దెబ్బ కొడితే ఆపాలి, రెండు కొడితే వదలాలి.

రెండు దెబ్బలు వినబడగానే అక్క బ్రేకు వదిలేది. నేను తోసేవాణ్ణి. రోకలి కిర్రుమని దొర్లేది. ఒక దెబ్బ వినబడగానే బండి టక్కున ఆగేది. కాసేపటికే అక్క దెబ్బ పడకముందే ఆపడం మొదలుపెట్టింది.

"నేను కొట్టలే" అన్నాడు బావ.

"కొట్టబోతున్నవు. నాకు ఎరికే."

ఎడమవైపు అయ్యాక కుడివైపు. దానికి అక్క డ్రైవరు సీటులోకి మారాలి. ఆ సీటులో ఆమె అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదట. స్టీరింగు మీద ఒక చెయ్యి, బ్రేకు మీద ఒక చెయ్యి పెట్టి కూర్చుంది. పని సగంలో ఉండగా హారన్ మోగింది. బావ ఉలిక్కిపడి తల మడ్‌గార్డుకు కొట్టుకున్నాడు.

"ఏమైందే?"

"ఏం గాలే. మోగుతదా లేదా అని సూసిన."

ఎడమ మడ్‌గార్డు మీద ఒక చోట రంగులో వెంట్రుక మందం చీలిక వచ్చింది. బావ దాన్ని బొటనవేలితో చాలాసేపు రుద్దాడు. అది పోలేదు. మళ్ళీ పిండి పట్టీ పెట్టి, అక్కను కూర్చోబెట్టి, ఒత్తి చూశాం. దాని మీద గీత కూడా పడలేదు.

"ఇప్పుడు పోదమా?" అన్నాడు బావ. బండిని చూస్తూ అన్నాడు, అక్కను చూడలేదు.

అక్క చేతులు కడుక్కుని వచ్చింది. కొంగు తలకు చుట్టుకుంది. ఎడమ సీటులో కూర్చుని, "బ్రేకర్ కాడికి" అంది.

రెండు సీట్ల బండిలో నాకు చోటు లేదు. ముందే నడిచి వెళ్ళి కిరాణా దుకాణం దగ్గర నిలబడ్డాను. అరుగు మీద ఆ రోజు కూడా ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని బీరకాయల చెక్కు తీస్తున్నారు. బండి మలుపు తిరిగి మెల్లగా వచ్చింది. నేను వెనక చక్రం వైపు వంగి చెవి పెట్టాను. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. వెనక చక్రాలు ఎక్కి దిగాయి. ఏ చప్పుడూ రాలేదు.

బండి కొంచెం ముందుకు పోయి ఆగింది. అక్క ఏదో అంది. బండి వెనక్కి వచ్చి, బ్రేకర్ దాటి, మళ్ళీ ముందుకు వచ్చింది. ఈసారి ఇంకొంచెం వేగంగా. ఈసారి కూడా ఏ చప్పుడూ లేదు.

అరుగు మీద ఉన్న పెద్దామె, "ఏందమ్మా, మల్ల మల్ల తిరుగుతుండ్రు?" అని అడిగింది.

"ఏం లేదు వదినా. మొన్న సప్పుడు చేసింది ఎవలని సూస్తున్నం" అంది అక్క. అద్దం కింద అరలోంచి పిండి పట్టీ తీసి ఆమెకు చూపించింది. అది ఏమిటో పెద్దామెకు అర్థమై ఉండదు. అయినా తల ఊపింది. అక్క పట్టీని మళ్ళీ అరలో పెట్టేసింది. బావ ముందుకు చూస్తూ ఉన్నాడు. ఎవరికీ వినబడకూడదన్నట్టు పెదవులు బిగించుకుని నవ్వుతున్నాడు. తర్వాత మీట నొక్కాడు. కప్పు మడతలు మడతలుగా వెనక్కి పోయింది. బండి మంచిర్యాల రోడ్డు ఎక్కింది.

నేను ఇంటికి నడిచాను. వాకిట్లో మూడు బస్తాలు అలాగే ఉన్నాయి. ఒక్కొక్కటే వెనక గదిలో పెట్టాను. రోకలిని దాని మూలలో నిలబెట్టాను. నోటుబుక్కు తెరిచి పొద్దున గీసిన బొమ్మ కింద ఇంకో బొమ్మ గీశాను. ఈసారి చెట్టును పేజీ నడుమ వేసి గొలుసును పక్కకు పెట్టాను. అలా గీయడం నాకు అలవాటు లేదు, చెయ్యి రెండుసార్లు నడుమ గీత వైపే పోయింది. ఆ రోజు డైరీ కూడా అందులోనే రాశాను. కొత్తగా తెలిసిన మాట దగ్గర ఏం రాయాలో కాసేపు తోచలేదు. పాత మాటే కదా అనిపించింది. చివరికి పాత మాటే మళ్ళీ రాశాను.

ఎండ తగ్గాక ఫోన్ మోగింది. అక్క. వెనక గాలి హోరు.

"తమ్మీ, గోదావరి కాడ ఉన్నం. మీ బావ ఇంకో ఒడ్డుకు పోదమంటుండు. ఆలస్యమైతది. నువ్వు చపాతీలు చేసుకోని తిను."

"పిండి బండికి అంటించినం గదా అక్కా?"

"అది గాదురా, గిన్నెల ఇంకా ఉన్నది. మూత పెట్టిన. మల్ల కొలువకు దాన్ని, తిను."

పక్క నుంచి బావ, "బ్రేకర్ ఇంకోటి వస్తుంది, ఫోన్ పెట్టు, సప్పుడు ఇనాలె" అంటుంటే వినబడింది. అక్క పెట్టలేదు. నేను కూడా పెట్టలేదు. ఇద్దరం ఫోనులో వింటూ ఉన్నాం. బండి ఎక్కి దిగిన సంగతి, "అయిపోయింది, పెట్టేయ్" అని అక్క అన్నాకే నాకు తెలిసింది.